రెండు సంస్థానముల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఉత్సవము చేయునపుడు పుస్తకములెన్ని, చందాదారులెందఱు అని లెక్క చెప్పుట వాడుక. ఆ లెక్క కార్యదర్శిగారి నివేదికలో గలదు. ఇచట చెప్పదలచిన లెక్క వేఱు. పుస్తకము కడుపు నింపునా యని పల్లెలలో పెద్దలు అడుగుచుందురు. అడుగుట తప్పు గాదు. మడికి నీరు పెట్టవలసిన వేళ కుఱ్ఱవాడు పుస్తకము పట్టుకొని అరుగుమీద కూర్చున్నచో ఏ తండ్రి యడుగకుండును? దానికి నీతివాక్యములతో బదులు చెప్పుటకంటె జమాఖర్చులతో చెప్పుట మేలు. అందులకై రెండు సంస్థానముల చిట్టాలను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. ఒకటి జపాను దేశమందలిది. రెండవది మన కృష్ణాతీరమందలిది. 1833వ సంవత్సరమున ఈ రెండు సీమలకును ఒకేవిధమైన పరీక్ష వచ్చినది. ఫలితములు మాత్రము వేఱైనవి.

మొదట జపాను సంగతి. ఆ దేశమున 1871వ సంవత్సరము వఱకు సంస్థానాధీశుల పాలన సాగెను. ఎడో నగరమున, అనగా నేటి టోక్యోలో, షోగున్ అను సర్వాధికారి యుండెడివాడు. అతని చేతిక్రింద రెండువందలకు పైబడిన సంస్థానములుండెను. సంస్థానము ఎంతటిదో బియ్యపు కొలతతో చెప్పుట అచటి పద్ధతి. ఒక మనిషికి ఏడాది గ్రాసమునకు చాలు బియ్యమును ఒక కొకు అందురు. అది మన తూకమున ఇంచుమించు 150 కిలోలు.

ఉత్తర జపానులో కొండలనడుమ, మంచు మిక్కుటముగా గురియు ప్రదేశమున, యొనెజావా యను సంస్థానము గలదు. దానినేలిన ఉయెసుగి వంశమువారు ఒకప్పుడు 12 లక్షల కొకుల సీమకు ప్రభువులు. 1600వ సంవత్సరపు మహాయుద్ధమున ఓడిన పక్షమున నుండుటచే, మఱుసటియేట వారికి 3 లక్షల కొకులు మాత్రము మిగిలెను. 1664లో అప్పటి ప్రభువు సంతులేక ఆకస్మికముగా మరణింపగా షోగున్ ప్రభుత్వము అందును సగము కోసివేసెను. మిగిలినది లక్షన్నర. ఆదాయము ఎనిమిదవ వంతునకు దిగినను, ఆ వంశమువారు పూర్వపు పరువు విడువలేదు. సామురాయిలను ఆయుధోపజీవుల కుటుంబములను వేలకొలది పోషించుచునే యుండిరి. ఖర్చు పాతది, జమ క్రొత్తది. ఈ రెండింటి నడుమ పడిన గండిని అప్పులతో పూడ్చిరి. నూఱేండ్లు గడచునప్పటికి ఋణము సుమారు 2 లక్షల రియోలను బంగారు నాణెములకు చేరెను. రైతులు పన్నులు మోయలేక ఊళ్లు విడిచి పోవుచుండిరి. ఎనిమిదవ ప్రభువు విసిగి, సంస్థానమునే షోగునునకు అప్పగించివేయుదునని 1764లో తలపెట్టెను.

ఆ ప్రభువు తన యల్లునిగా దత్తతగైకొనిన బాలుడు హరునోరి. తరువాతి కాలమున యోజాన్ అను పేర ప్రసిద్ధుడైనవాడితడే. 1751లో జన్మించెను. దక్షిణ జపానులోని ఒక చిన్న సంస్థానపు ప్రభువు కొడుకు. 1767లో, వారి లెక్క ప్రకారము పదునేడవ యేట, అప్పులతోగూడిన సింహాసనము నెక్కెను. అతడు మొదట ముట్టుకొన్నది తన స్వంత ఖర్చు. ఏటికి 1500 రియోలుగా నున్న దానిని 209 రియోలకు తగ్గించెను. అంతఃపురమున 50 మంది పరిచారికలుండగా 9 మందిని మాత్రము నిలుపుకొనెను. నూలు బట్ట కట్టెను. పూటకొక చారు, ఒక కూర చాలుననెను.

రెండవ పని లెక్కకు సంబంధించినది. అంతవఱకు ఆ సంస్థానపు సమగ్రమైన ఆదాయవ్యయములు ఒక్కచోట వ్రాసిన పుస్తకమే లేదు. యోజాన్ అట్టి పుస్తకమును వ్రాయించి, దాచక కొలువువారందఱికిని తెలియజేసెను. ఉన్న దుస్థితి అందఱి కన్నులకును గనబడిననేగాని అందఱి చేతులును కదలవని అతడు గ్రహించెను.

1769లో తన సీమకు తొలిసారి వచ్చునపుడు జరిగినదని చెప్పుకొను కథ యొకటి గలదు. దారిపొడవునను పాడుపడిన ఊళ్లు చూచుచు, పల్లకిలోని కుంపటి చల్లారినదనుకొని బూడిద కదపెనట. అడుగున చిన్న నిప్పురవ్వ మిగిలియుండెను. దానిని మెల్లగా ఊది, బొగ్గులు చేర్చి, రాజవేసెనట. ఈ సీమనుగూడ ఇట్లే రాజవేయవచ్చునని అనుచరులతో ననెనట. కథ యెంతవఱకు నిజమైనను, తరువాతి యేబదియేండ్ల పని మాత్రము నిజము.

ఆ పని నిరాటంకముగా సాగలేదు. 1773లో ఏడుగురు పెద్ద మంత్రులు ఏకమై, ఈ మార్పులన్నియు మానుకొనుమని పట్టుబట్టిరి. విచారణ జరిగి ఇద్దఱికి ప్రాణాంతశిక్షయు, తక్కినవారికి నిర్బంధములును విధింపబడెను. సంస్కర్తయైనను ప్రభువు ప్రభువే. ఈ కాఠిన్యమును దాచి చరిత్ర చెప్పరాదు.

ఇప్పుడు ముఖ్యమైన సంవత్సరమునకు వత్తము. అది 1776. మన పంచాంగమున దుర్ముఖి. ఆ ఒక్క యేటనే యోజాన్ రెండు కార్యములు చేసెను. మూతబడియున్న సంస్థానపు పాఠశాలను కోజోకాన్ అను పేర మరల తెఱపించెను. ఆ పేరునకు వినయమును పెంపొందించు శాల యని యర్థము. అదే సంవత్సరమున ఎచిగో సీమలోని ఒజియానుండి నేతపనివారిని పిలిపించి తన ప్రజలకు నేత నేర్పించెను.

ఈ రెండవ కార్యపు వెల తెలియవలెనన్న పూర్వస్థితి తెలియవలెను. యొనెజావాలో జనుమువంటి నార పైరు విరివిగా పండెడిది. ఆ నారను పచ్చిసరకుగానే నారా పట్టణమునకును, ఎచిగో సీమకును అమ్మివేసెడివారు. అచటివారు దానిని నేసి, బట్టలుగా అమ్మి, లాభము తీసికొనెడివారు. పండించువాడొకడు, ఫలించువాడొకడు. తన నార తన మగ్గముమీదనే బట్ట కావలెనని యోజాన్ సంకల్పించెను. సామురాయిల యిండ్లలోని స్త్రీలు, కత్తి పట్టినవారి భార్యలును కూతుండ్రును, మగ్గముముందు కూర్చుండిరి. తరువాత మల్బరీ నాటించి పట్టుపురుగుల పెంపకము వ్యాపింపజేయగా, యొనెజావా పట్టు దేశమంతట పేరొందెను.

అన్నియు ఫలింపలేదు. లక్క చెట్ల గింజలనుండి మైనము తీసి అమ్మవలెనని లక్షలకొలది మొక్కలు నాటదలచిరి. పశ్చిమ జపానునుండి చౌకయైన వేఱొక మైనము అంగళ్లకు వచ్చుటచే ఆ యెత్తు పాఱలేదు. ఒకటి చెడినను తక్కినవి నిలిచెను. ఒక్క పంటనే నమ్ముకొనకుండుటలోని మేలు అది.

పాఠశాల సంగతికూడ అట్టిదే. యోజాన్ గురువు హొసొయి హెయిషూ. అతడు కోటలో పండితులకే ఉపన్యసించి యూరకొనలేదు. పల్లెలకు పోయి కృషీవలులను గూర్చుండబెట్టి మాటలాడెను. 1796లో ఆ వృద్ధగురువు మూడవసారి వచ్చుచుండగా, యోజాన్ ఊరివెలుపల సెకినె యను గ్రామమువఱకు స్వయముగా ఎదురేగి గౌరవించెను. ప్రభువు బోధకునకు ఎదురు పోవుట ఆ దేశాచారమునకు విరుద్ధము. ఆ నడకవలన పల్లెవారికి తెలిసినది ఏ యాజ్ఞాపత్రమువలనను తెలియకపోవును.

చదువు లెక్కలలో దిగి నేలమీదికి వచ్చిన తీరు నొక్కటి చెప్పవలెను. కురోయి యను గణితము నేర్చిన ఉద్యోగి యొకడు నదులెత్తు, నేలవాలు గుణించి పొలములకు కాలువ త్రవ్వించెను. పిదప కొండను తొలిచి అవతలి నీటిని ఇవతలికి తెచ్చు సొరంగమునకు 1799లో పూనుకొనెను. ఆ యేటనే అతడు చనిపోయెను. అయినను పని ఆగలేదు. 1818లో పూర్తియయ్యెను. వ్యక్తి పోయినను పని నడచుటయే విద్యకు గుఱుతు.

1783లో జపాను ఉత్తరభాగమున ఘోరక్షామము వచ్చి జనులు లక్షలకొలది నశించిరి. యొనెజావా ధాన్యాగారములు తెఱచి, పొరుగు సీమలనుండి బియ్యము కొని పంచి, గట్టెక్కెను. అంతటితో తృప్తిపడక 1802లో ఆ సంస్థానమువారు ఒక చిన్న పుస్తకము అచ్చువేయించి గ్రామములకు పంచిరి. దానిపేరు కతెమోనో. అన్నములో కలిపి వండుకొనదగిన సుమారు 80 మొక్కల పేర్లు, వానిని ఉడికించు విధము, ఎండించి దాచు విధము అందు వ్రాయబడియున్నవి. వైద్యులచేత పరిశీలింపజేసి వ్రాయించిన గ్రంథమది. కవిత్వము లేదు, అలంకారము లేదు. పంటలు బాగుగానున్న దినములలో ఆ పుస్తకము వ్రాసిరి. అక్కఱ ముప్పదియేండ్లకు వచ్చెను.

1822లో యోజాన్ మరణించెను. మఱుసటియేటికి ఆ పెద్ద ఋణము దాదాపు తీఱిపోయెను. 1833లో జపానున మరల క్షామము పుట్టెను. ఆ పుస్తకముచేతను, నిలువచేసిన ధాన్యముచేతను యొనెజావా ఆకలిచావులు లేకుండ దాటెనని ప్రసిద్ధి.

ఆ 1833వ సంవత్సరముననే మన సీమలో నేమి జరిగినది? ఇది రెండవ చిట్టా.

యోజాన్ కాలముననే మన కృష్ణాతీరమున రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు వెలుగొందిరి. 1783లో అధికారమునకు వచ్చి 1816 వఱకు పాలించిరి. చింతపల్లి విడిచి అమరావతిలో క్రొత్త పట్టణము కట్టించి వర్తకులను రప్పించిరి. మంగళగిరిలో పదునొకండు అంతస్తుల గాలిగోపురము 1807–1809 సంవత్సరముల నడుమ వారెత్తించినదే. ములుగు పాపయారాధ్యులవంటి మహాకవి వారి యాస్థానమున నుండెను. దానధర్మములకు వారు పెట్టినది పేరు. ఆ కీర్తి నేటికిని మాయలేదు, మాయవలసిన పనియు లేదు.

అయినను లెక్క లెక్కయే. 1797లో కర్నలు మెకంజీ అమరావతికి వచ్చి చూచునప్పటికి, క్రొత్త కట్టడముల కొఱకు అచటి పాత దిబ్బను త్రవ్వి రాళ్లు తీయుచుండిరి. ఆ దిబ్బయే రెండువేల యేండ్లనాటి మహాస్తూపము. దాని వెల చెప్పగల చదువు అప్పటికి మన ఆస్థానములలో లేదు. ఉన్న చదువు కావ్యములయందును శాస్త్రములయందును దొడ్డది. అది నేలవంకను, మగ్గమువంకను చూచుట అరుదు.

వేంకటాద్రినాయుడుగారికి ఔరసపుత్రులు లేరు. జగన్నాథబాబు, రామనాథబాబు అను నిద్దఱు దత్తపుత్రులు. నాయుడుగారి యనంతరము వీరి వ్యాజ్యము సంవత్సరములకొలది నడచి లండనుదాక పోయెను. యొనెజావాను నిలిపినవాడును దత్తపుత్రుడే. దత్తతలో దోషము లేదు. వచ్చినవానికి ముందుగా అప్పుల పుస్తకము చూపింపబడెనా, ఆస్తుల పట్టీ చూపింపబడెనా యనుటలో భేదము గలదు.

ఇక పరిశ్రమ మాట. మన సీమకు పరిశ్రమ లేదని యెవరనగలరు? రేపల్లె చెంతనున్న నిజాంపట్నము రేవులో 17వ శతాబ్ది ఆరంభముననే డచ్చివారును ఇంగ్లీషువారును దిగిరి. వారిని రప్పించినది మన చిరివేరు రంగు, ఆ రంగుతో నద్దిన మన బట్టలు. చీరాల రుమాళ్లు అరబ్బుదేశములవఱకు పోయెను. చేతులలో పని యుండెను. ఆ పనికి వెనుక నిలిచి, నూలు కొని, బట్ట అమ్మి, బిడ్డలకు నేర్పించి, కష్టకాలమున ఆదుకొను ఏర్పాటు మాత్రము లేకపోయెను. కుంఫిణీవారు కొన్నంతకాలము మగ్గమాడెను. మరబట్ట వచ్చి వారు కొనుట మానగానే మగ్గము మూలబడెను.

ఈ స్థితిలో నందననామ సంవత్సరము వచ్చెను. 1832లో వానలు తప్పెను. 1833 నాటికి గుంటూరు సీమయందు జరిగినదానిని మన పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనిరి. జిల్లాలోని సుమారు 5 లక్షల జనులలో 2 లక్షలమంది నశించిరని ఆనాటి అంచనా. వానలు తప్పుట కారణములలో నొకటి మాత్రమే. కృష్ణ ప్రక్కనుండి ప్రవహించుచుండెను గాని అడ్డుకట్ట లేదు. ధాన్యపు నిలువలు లేవు. పన్నుల ఒత్తిడి సడలలేదు. జమీందారులు అప్పులలో మునిగియుండిరి. వాసిరెడ్డివారిది, రేపల్లె, చిలకలూరిపేట, నరసారావుపేట, సత్తెనపల్లి అను గుంటూరు జమీందారీలు 1850 నాటికి కుంఫిణీవశమైపోయెను.

1878లో ఇసబెల్లా బర్డ్ అను ఆంగ్లవనిత యొనెజావా మైదానమును చూచి, ఆసియాఖండపు నందనవనమని మెచ్చుకొనుచు వ్రాసెను. అచట నందనవనము, ఇచట నందన కరువు.

ఈ రెండు చిట్టాలు చూచినవారు తెలిసికొనవలసినదేమి? మన ప్రభువులు చెడ్డవారు, వారి ప్రభువు మంచివాడు అని తీర్మానించుట తేలిక. అది సరిగాదు. మనకు విద్యయు నుండెను, వృత్తియు నుండెను. ఆ రెండును ఒకదానినొకటి యెఱుగక వేఱువేఱు వీథులలో కాపురముండెను. విద్య సభలో శాలువ కప్పుకొనెను. వృత్తి పేటలో ఆకలితో పరుండెను. యొనెజావాలో పాఠశాలయు మగ్గమును ఒకే యేట, ఒకే చిట్టాలో వ్రాయబడెను. వాసికెక్కిన సంస్థానము కూలుటకును, చితికిన సంస్థానము లేచుటకును గల భేదములో పెద్దపాలు ఇదియే.

తరువాతి కథ మనకు ధైర్యమిచ్చునది. 1852–1855 సంవత్సరముల నడుమ విజయవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టబడగా తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములు మాగాణులయ్యెను. నీరు వచ్చిన తరువాత, ప్రభువుల నెదురుచూడక ప్రజలే విద్యకు పూనుకొనిరి. 1918లో నేతపనివారి యూరైన వేటపాలెమున సారస్వత నికేతనము వెలసెను. మగ్గపు చప్పుడు వినవచ్చు వీథులలో అంతటి గ్రంథాలయము పెరుగుట సామాన్యమా? 1935లో పెదపాలెమునుండి పాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువలో పడవమీద గ్రంథాలయము నడపిరి. పొలమునకు నీరు తెచ్చు కాలువయే ఊరికి పుస్తకము తెచ్చినది.

1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల స్థాపింపబడెను. బాపట్లలో జరిగిన వరి పరిశోధన ఫలితముగా 1986లో ఒక వంగడము విడుదలయ్యెను. దాని సంఖ్య బి.పి.టి. 5204. ఆ మూడక్షరములును బాపట్ల పేరే. సాంబమసూరి యన్న నేడు తెలియని యిల్లు లేదు. పుస్తకము కడుపు నింపునా యని మొదట నడిగిన ప్రశ్నకు ఇంతకంటె వేఱు సమాధానము వలయునా? మధ్యాహ్నము విస్తరిలో వడ్డింపబడినది చదివినవారి చదువు, దున్నినవారి కష్టము కలిసిన యన్నమే.

యొనెజావా సంస్థానము 1871లో రద్దయ్యెను. ప్రభువు పోయినను నేత పోలేదు, బడి పోలేదు. 1910లో అచట ఉన్నత సాంకేతిక పాఠశాల వెలసి, తరువాత విశ్వవిద్యాలయములో భాగమయ్యెను. కృత్రిమపట్టు నూలు జపానున పరిశ్రమగా మొలకెత్తిన తావులలో యొనెజావా ముఖ్యమైనది. మనకును జమీందారీలు 1948 నాటి చట్టముతో పోయినవి. ఇప్పుడు ఊరికి ఊరే ప్రభువు. ఊరి విద్యకు లెక్క చెప్పవలసినవాడు ఊరివాడే.

కావున రాబోవు ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయము ముందు మూడు పనులు పెట్టబడుచున్నవి.

మొదటిది, గ్రంథాలయపు జమాఖర్చులు ఏటేట గోడమీద వ్రాయింపవలెను. చందా ఇచ్చినవానికి తన రూపాయి ఏ పుస్తకమైనదో కనబడవలెను. లోటు ఉన్నచో లోటును కనబడవలెను.

రెండవది, ఊరి వృత్తులకు ఒక బీరువా ప్రత్యేకింపవలెను. దుగ్గిరాలనుండి పసుపు, ఈ మాగాణులనుండి మినుములు, నిజాంపట్నమునుండి చేపలు బస్తాలకు, పెట్టెలకు ఎక్కి పోవుచున్నవి. అందులో ఎంత పచ్చిసరకుగా పోవుచున్నదో, ఎంత మన చేతిపనితో విలువ పెరిగి పోవుచున్నదో యువకులు విచారింపవలెను. యొనెజావా నార కథ మనకొఱకే యన్నట్లున్నది. రైతుకును, నేతగానికిని, కుట్టుపని చేయు స్త్రీకిని పనికివచ్చు పుస్తకములు అచట నుండవలెను. చదువురానివారికి చదివి వినిపించుటకు వారమునకొక రాత్రి కేటాయింపవలెను.

మూడవది, కతెమోనోవంటి చిన్నపుస్తకము మన సీమకుగూడ వ్రాయవలెను. మన ఆపద కరువుకంటె నెక్కువగా నీటివలన వచ్చును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను ఎఱిగిన వృద్ధులు తీరగ్రామములలో ఇంకను గలరు. ఏ మెఱకమీదికి పోవలెను, ఏ గట్టు ముందు తెగును, పశువులను ఎప్పుడు విప్పవలెను, విత్తనములు ఎచట దాచవలెను, ఉప్పునీరెక్కిన చేనిని ఎట్లు తిరిగి సాగులోనికి తేవలెను అను సంగతులు వారి నోళ్లలో నున్నవి. అవి వారితోనే పోరాదు. కళాశాలలో చదివిన పిల్లలు ఆ మాటలు వ్రాసికొని, తెలిసినవారిచేత సరిచూపించి, అచ్చువేయించి ఇంటికొక ప్రతి పంచవలెను. వానలు సకాలమున కురియుచు, గట్లు గట్టిగానున్న ఈ దినములే దానిని వ్రాయుటకు తగిన దినములు.

ఈ మూడింటికిని రాజు అక్కఱలేదు. ఒక కలము, ఒక చిట్టా, నలుగురు పట్టుదలగల యువకులు చాలుదురు. వారు ఈ సభలోనే యున్నారు.